పాత ఆడి క్యూ7 3.0 డీజిల్ కొనొచ్చా? డబ్బు ఎక్కడెక్కడ పోతుందో ఉన్నదున్నట్టు

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్లు అమ్మే కన్సల్టెన్సీల్లో ఇప్పుడు తరచూ కనిపించే బండి మొదటి తరం ఆడి క్యూ7. నల్ల రంగు, కొత్తగా కొట్టించిన పాలిష్, ఢిల్లీ నంబరు ప్లేటు, ధర చూస్తే కొత్త క్రెటా టాప్ మోడల్ కన్నా తక్కువ. ఆ ఫొటో వాట్సాప్‌లో పంపి "అన్నా, ఇంత తక్కువకు ఇస్తున్నాడంటే ఏదైనా లొసుగు ఉందంటావా?" అని అడిగేవాళ్లు మా వాళ్లలో ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్లకీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నా.

లొసుగు అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు, బండి నిజంగానే మంచిది. కాకపోతే దాన్ని 12 లక్షల బండి అనుకుని కొనకూడదు. అది కొత్తలో 60 లక్షల పైన పలికిన బండి. అమ్మకం ధర పడిపోయింది గానీ దాని స్పేర్ పార్టులకు ఆ సంగతి తెలియదు, అవి ఇప్పటికీ 60 లక్షల బండి ధరలోనే వస్తాయి. కొన్న రోజు చేతిలో ఇంకో మూడు లక్షలు మిగలకపోయినా, ఇది షెడ్డులో ఉన్న వారం పది రోజులు తిరగడానికి ఇంట్లో ఇంకో బండి లేకపోయినా ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, హాయిగా ఏ ఇన్నోవానో చూసుకోండి.

నేను మాట్లాడేది 2006 నుంచి 2015 దాకా వచ్చిన మొదటి తరం గురించి. 2005 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు, స్లొవేకియాలోని బ్రాటిస్లావా ఫ్యాక్టరీలో తయారైంది, తర్వాతి రోజుల్లో మన దేశానికి వచ్చినవాటిని ఔరంగాబాద్‌లో బిగించారు. ఫోక్స్‌వ్యాగన్ టౌరెగ్, పోర్షా కాయెన్‌లకు దగ్గర చుట్టం, మూడింటి పునాది ఒకటే. అందుకే కొన్ని పార్టులు ఆ బండ్లవీ పనికొస్తాయి, మంచి మెకానిక్‌కు ఈ విషయం తెలిసే ఉంటుంది. మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ భాగం 3.0 టీడీఐ, అంటే 2967 సీసీ వీ6 డీజిల్ (ఆరు సిలిండర్లు, రెండు వరుసలుగా వీ ఆకారంలో). మొదట్లో 233 హార్స్‌పవర్, 500 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల ఆటోమేటిక్. 2009లో ముఖం కాస్త మార్చి ఎల్‌ఈడీ లైట్లు ఇచ్చారు. 2010-11 ప్రాంతంలో అసలు విషయం మారింది, ఇంజిన్‌ను లోపల మార్చి 245 హార్స్‌పవర్, 550 ఎన్ఎంకి తీసుకెళ్లారు, గేర్‌బాక్స్ ఎనిమిది గేర్లది పెట్టారు. ఈ తేడా గుర్తుంచుకోండి, బేరానికి కూర్చున్నప్పుడు బండి రంగు కన్నా, ఫ్యాన్సీ నంబరు కన్నా ఇదే ముఖ్యం. (ఫ్యాన్సీ నంబరు అంటే గుర్తొచ్చింది, చివర 9999 ఉందని రెండు లక్షలు ఎక్కువ చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ రెండు లక్షలతో సస్పెన్షన్ సగం అయిపోతుంది.)

నడపడం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతా. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దగ్గర క్రూజ్‌లో పెడితే లోపల పక్కవాళ్లు గుసగుసలాడినా వినపడుతుంది. మూడు మీటర్ల వీల్‌బేస్, దాదాపు 2.3 టన్నుల బరువు, కింద ఎయిర్ సస్పెన్షన్. విజయవాడ హైవే మీద బ్రిడ్జి జాయింట్లు వచ్చినట్టు స్టీరింగ్‌లో తెలుస్తుంది గానీ నడుముకు తెలియదు. క్వాట్రో, అంటే ఆడి వాళ్ల ఫోర్ వీల్ డ్రైవ్, ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి వానలో కూడా బండి మీద ధైర్యం ఉంటుంది. అయితే దీన్ని చూసి ఆఫ్‌రోడ్ బండి అనుకోవద్దు, టౌరెగ్‌కి ఉన్న లో రేంజ్ గేర్ (రాళ్లలో, బురదలో నెమ్మదిగా గట్టిగా లాగడానికి వాడేది) దీనికి లేదు. మూడో వరుస సీట్లు పిల్లలకే, పెద్దవాళ్లను కూర్చోబెడితే షాద్‌నగర్ దాటేలోపు తిట్టుకుంటారు. పొడవు ఐదు మీటర్ల పైమాట, వెడల్పు దాదాపు రెండు మీటర్లు, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య టేపు పెట్టి కొలిచాకే అడ్వాన్సు ఇవ్వండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

ఇక ఖర్చుల సంగతి. పాత క్యూ7 అనగానే అందరూ భయపెట్టేది ఎయిర్ సస్పెన్షన్ పేరు చెప్పి. భయం పూర్తిగా తప్పు కాదు గానీ కొంచెం ఎక్కువ. నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగుల బదులు గాలి నిండిన రబ్బరు బుడ్డలు ఉంటాయి, వాటికి గాలి కొట్టే కంప్రెసర్ ఒకటి, ఏ మూలకు ఎంత గాలి పోవాలో చూసే వాల్వ్ బ్లాకు ఒకటి. పదేళ్లు దాటిన రబ్బరు మడతల దగ్గర చీలుతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. రాత్రి సరిగ్గా పెట్టిన బండి తెల్లారేసరికి ఒక మూలకు కుంగి కనపడుతుంది, స్టార్ట్ చేయగానే మళ్లీ లేస్తుంది. చాలామంది "లేస్తోందిగా" అని వదిలేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. లీకైన గాలిని నింపడానికి కంప్రెసర్ పదే పదే తిరుగుతుంది, వేడెక్కుతుంది, లోపల తేమ పీల్చే డ్రైయర్ పాడవుతుంది, చివరికి కంప్రెసర్ కాలిపోతుంది. ఒక్క బుడ్డతో పోవాల్సింది కంప్రెసర్, దాని రిలేతో కలిపి మూడు వస్తువులవుతాయి. కాబట్టి లీకు కనిపించిన వారంలోనే సబ్బునీళ్లు కొట్టి ఎక్కడుందో పట్టుకుని ఆ మూల మార్పించేయాలి. కంపెనీ డబ్బాలో వచ్చే స్ట్రట్ (బుడ్డ, షాక్ అబ్సార్బర్ కలిసిన ముక్క) ధర వింటే కళ్లు తిరుగుతాయి, బయటి కంపెనీలు చేసేవీ, పాతవాటిని విప్పి కొత్త రబ్బరు వేసినవీ సగం ధర లోపే దొరుకుతాయి. నేనైతే ఇదంతా చేయించడానికి ఒకటిన్నర నుంచి రెండు లక్షలు అనుకుంటాను, అంతా ఒకేసారి పోకపోవచ్చు కూడా.

కొందరు షెడ్డువాళ్లు "ఎందుకన్నా ఈ టెన్షన్, స్ప్రింగులు వేసేద్దాం" అంటారు. వేయొచ్చు, బండి నడుస్తుంది, డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు దాచడానికి ఏవో తిప్పలు పడతారు. కానీ ఈ బండి కొనడానికి సగం కారణం ఆ సస్పెన్షనే కదా, దాన్ని తీసేశాక మిగిలేది బరువైన ఖరీదైన డీజిల్ బండి. స్ప్రింగులు వేసిన క్యూ7 అమ్మకానికి వస్తే నేను దాన్ని చూడను కూడా చూడను. ఇంకొక మాట, పంక్చర్ షాపులో జాకీ పెట్టే ముందు మెనూలో జాక్ మోడ్ ఆన్ చేయాలి, లేకపోతే చక్రం గాల్లో ఉండగా సస్పెన్షన్ తనంతట తాను సర్దుకోవడానికి చూస్తుంది. మీ డ్రైవర్‌కు ఇది తప్పకుండా చెప్పండి.

నన్నడిగితే సస్పెన్షన్ కన్నా భయపడాల్సింది టైమింగ్ చైన్ గురించి, అంటే ఇంజిన్ వాల్వులను సరైన వేళకు తెరిచి మూసేలా తిప్పే గొలుసు. చాలా బండ్లలో టైమింగ్ బెల్టో చైనో ఇంజిన్ ముందు భాగంలో ఉంటుంది, కవర్ విప్పితే చేతికి అందుతుంది. ఈ వీ6లో చైన్లు ఇంజిన్ వెనకాల, గేర్‌బాక్స్ వైపు ఉన్నాయి. అంటే గొలుసును బిగువుగా ఉంచే చైన్ టెన్షనర్ అనే చిన్న వస్తువు అరిగినా దాని దగ్గరికి వెళ్లాలంటే గేర్‌బాక్స్ దించాలి, చాలామంది ఇంజిన్ మొత్తమే బయటికి తీస్తారు. వస్తువు ధర వేలల్లో, కూలి లక్ష దాటుతుంది. "దించాం కదా, ఇది కూడా మార్చేద్దాం, అది కూడా మార్చేద్దాం" అని పక్కనున్న సీళ్లు, గైడ్లు, పైపులు అన్నీ కలిసే సరికి బిల్లు మూడు లక్షలు దాటితే ఆశ్చర్యం లేదు. అలా మార్చడం తప్పు కూడా కాదు, మళ్లీ దించే కూలి కన్నా ఆ పార్టులే చవక. మొదటి రకం ఇంజిన్లలో ఇలాంటి చైన్లు నాలుగు, 2010-11 తర్వాత వచ్చిన కొత్త రకంలో రెండుకు తగ్గించారు. నేను తర్వాతి బండ్లే చూడమనడానికి మొదటి కారణం ఇదే.

చైన్ పరిస్థితి ఎలా తెలుస్తుందంటే చెవితోనే. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వెనకవైపు నుంచి, అంటే డాష్‌బోర్డు దగ్గర్నుంచి రెండు మూడు క్షణాలు గొలుసు లాగినట్టు గరగర వినిపిస్తే అది టెన్షనర్ గోల. ఆయిల్ పైకెక్కి ప్రెషర్ రాగానే ఆ శబ్దం ఆగిపోతుంది, ఆ తర్వాత రోజంతా వినపడదు. అందుకే మీరు చూడ్డానికి వెళ్లేసరికి బండిని ముందే వేడి చేసి పెడతారు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే "రేపు పొద్దున్న వస్తా, నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు" అని చెప్పి వచ్చేయండి. ఒక కన్సల్టెన్సీలో ఇలా అడిగితే మూడు రోజులూ ఏదో వంక చెప్పి ముందే స్టార్ట్ చేసి ఉంచారు, ఆ బండి గురించి ఇంక వేరే పరీక్ష అక్కర్లేకపోయింది.

ఈ చైన్ ఎక్కువ కాలం బతకాలంటే ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ఇంజిన్‌లో పట్టేది సుమారు ఎనిమిది లీటర్లు, అదీ ఫోక్స్‌వ్యాగన్ 507.00 అని డబ్బా మీద రాసి ఉన్న రకమే పోయాలి. కంపెనీ చెప్పింది 15,000 కిలోమీటర్లకు ఒకసారి, ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఇంజిన్ ఆన్‌లో ఉండే మన నగరాలకు నేనైతే 8,000 అంటాను. సర్వీసు రికార్డులో ఆయిల్ బిల్లులు 20,000కి ఒకటి కనిపిస్తే చైన్ ఎంత బాగున్నా అది ఇంకెవరి అదృష్టమో అనుకుని వదిలేయడం మేలు.

ఈ ఇంజిన్‌లో ఇంకో మోసం చేసే లీకు ఉంది. ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో కూర్చుని ఉంటుంది. దాని సీళ్లు గట్టిపడితే ఆయిల్ ఆ లోయలోంచి వెనక్కి జారి గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలు చుక్కలుగా పడుతుంది. కింద నుంచి చూసినవాడు "వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అనేస్తాడు. నిజానికి పైనుంచి మానిఫోల్డులు (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాలు) విప్పి మార్చాల్సిన పని అది, కూలి ఎక్కువే గానీ గేర్‌బాక్స్ దించేంత కాదు. ఏ షెడ్డులోనైనా ఈ లీకు గురించి మీరే ముందు ఒక మాట అడిగి చూడండి, ఈ ఇంజిన్ మీద చెయ్యి పడినవాడెవడో, ఇప్పుడే నేర్చుకుంటున్నవాడెవడో అప్పుడే తెలిసిపోతుంది. అదే మానిఫోల్డులో గాలిని తిప్పే చిన్న రెక్కలకు ప్లాస్టిక్ మీటలు, మోటార్లు ఉంటాయి. మసి పట్టి అవి బిగుసుకుంటే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, బండి మందగిస్తుంది. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌ది కూడా ఇదే కథ, ఊళ్లోనే తిరిగే బండికి ఎక్కువ, హైవే బండికి తక్కువ.

డీజిల్ పంపు గురించి ఒక్క హెచ్చరిక. తర్వాతి ఇంజిన్లలో ఉన్నది బాష్ సీపీ4 రకం పంపు. అది డీజిల్‌లోని జిడ్డుతోనే లోపల అరగకుండా నడుస్తుంది, కాబట్టి నీళ్లు కలిసిన డీజిల్ గానీ, పొరపాటున పోసిన పెట్రోల్ గానీ దానికి పడదు. అది లోపల అరిగితే ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది, ఆరు పీజో ఇంజెక్టర్లు, పైపులు, ట్యాంకు కడగడం, ఆ బిల్లు బండి ధరలో సగానికి దగ్గర పడుతుంది. డీజిల్ ఫిల్టర్ వేళకు మార్చడం, రద్దీగా ఉండే పెద్ద బంకులోనే కొట్టించడం, బంకు కుర్రాడు ఏ గన్ను పట్టుకున్నాడో దిగి చూడటం, ఇంతకు మించి మనం చేయగలిగింది లేదు.

గేర్‌బాక్స్ ఆరు గేర్లదైనా ఎనిమిది గేర్లదైనా జపాన్ వాళ్ల ఐసిన్ తయారీ, మొత్తానికి గట్టిది. "ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అనే మాట మాత్రం నమ్మొద్దు, 60,000కి ఒకసారి మార్చిన బండ్లే నెమ్మదిగా ఆగేటప్పుడు కుదుపు లేకుండా ఉంటాయి. టెస్ట్ డ్రైవ్‌లో సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపి చూడండి, వెనక నుంచి ఎవరో తోసినట్టు అనిపిస్తే గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను దారి మళ్లించి గేర్లు మార్చే వాల్వ్ బాడీ అలసిపోయిందని అర్థం.

ఇంజిన్ బాగుండి కూడా బండి పనికిరాకుండా పోయేది నీళ్ల వల్ల. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే మన దగ్గర ఇదే పెద్ద ప్రమాదం, ఎవరూ చూడరు. ఈ బండిలో బ్యాటరీ బానెట్ కింద కాదు, ముందు సీటు కింద ఉంటుంది. వైరింగ్‌లో చాలా భాగం కార్పెట్ల కింద నుంచే పోతుంది. పైన పెద్ద సన్‌రూఫ్ ఉన్న బండ్లలో నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాలు నాలుగు మూలలా ఉంటాయి, చెట్టు కింద పెట్టే బండికి వేపాకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు వాన నీళ్లు పైకప్పు గుడ్డ పక్కనుంచి దిగి కార్పెట్ కిందికి చేరతాయి. పైకి తడి తెలియదు, కింద స్పాంజి నానుతూనే ఉంటుంది. మొదట ఏదో ఒక డోర్ లాక్ పనిచేయదు, తర్వాత రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంది, ఆ తర్వాత ఒక్కో లైటు. వైరింగ్ పనివాడు పైపైన చూసి చెప్పగలిగింది కాదు, సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితేనే తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి, జూన్‌కు ముందు ఆ గొట్టాలు శుభ్రం చేయించడానికి పెద్దగా ఏమీ కాదు, అరపూట పని.

ఇది చిన్న నీళ్ల సంగతి. పెద్ద నీళ్లంటే వరద బండ్లు. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. ఈ మూడు వరదల్లో మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు, కడిగి ఆరబెట్టి సీట్లకు కొత్త తోలు వేసి మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి. కాబట్టి ఆర్‌సీలో ఏ ఊరుందో, ఆ నెలల తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏమైనా ఉందో కనుక్కోండి. సీటు బెల్టు మొత్తం చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, బ్యాటరీ గూటి మూలల్లో ఒండ్రు ఉందా చూడండి. లోపల అగరుబత్తి వాసనో, ఘాటైన పెర్ఫ్యూమో ఎక్కువగా వస్తే ఆ వాసన కింద ఏముందో అని కాస్త అనుమానించండి.

స్క్రీను, మ్యూజిక్ గురించి పెద్దగా ఆశలు వద్దు. ఆ కాలం ఎంఎంఐ, అంటే ఆడి వాళ్ల స్క్రీను సిస్టమ్, ఇప్పటి ఫోన్లతో సరిగా కలవదు. రేడియో, యాంప్లిఫయర్, నావిగేషన్ అన్నీ ఒకే ఆప్టికల్ ఫైబర్ తీగ వలయంలో కట్టి ఉంటాయి, వాటిలో ఒకటి చచ్చినా మొత్తం మూగబోతుంది. పైగా పాత ఓనరు ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించి తీగలు కోసి టేపు చుట్టి ఉంటే ఆ చిక్కు విప్పడం ఎవరి తరమూ కాదు. బ్యాటరీ మార్చినా కంప్యూటర్‌తో దాన్ని బండికి పరిచయం చేయాలి, లేకపోతే చార్జింగ్ సరిగా జరగదు. రోడ్డు పక్క బ్యాటరీ షాపులో ఇది చేయరు.

ఇప్పుడు నెలనెలా అయ్యే లెక్క. ట్యాంకు 100 లీటర్లది, లీటరు 95 రూపాయలు వేసుకున్నా ఒక్కసారి నింపితే 9,500. ఊళ్లో ఏడెనిమిది, హైవే మీద పది పన్నెండు ఇస్తుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కే లక్షా ఇరవై వేలు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే 1500 సీసీ దాటిన కార్లకు 7,897 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఇంత వయసు బండికి జీరో డిప్ (పార్టుల తరుగు కోయకుండా పూర్తి ఖర్చు ఇచ్చే పాలసీ) దాదాపు ఎవరూ ఇవ్వరు, కాబట్టి హెడ్‌లైట్ పగిలితే ఆ ఖర్చులో సగం మీ జేబులోంచే. టైర్లు 18 అంగుళాలు దొరికితే మంచిది. 20, 21 అంగుళాల చక్రాలున్న బండి ఫొటోలో బాగుంటుంది గానీ ఒక్కో టైరు పాతిక వేల దాకా అవుతుంది, మన గుంతలకు రిమ్ము వంగడం అదనం. ఈ బరువును ఆపాలి కాబట్టి బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, డిస్కులు కూడా రెండోసారికి మార్చాల్సిందే. బయట షెడ్డులో మామూలు సర్వీసుకు 30,000 దగ్గర అనుకోండి. ఇవన్నీ ఏ రిపేరూ రాని ఏడాది లెక్కలు. రిపేరు వచ్చిన ఏడాదికి ఇందాక అన్న మూడు లక్షలు ఉండనే ఉన్నాయి. ఇంత బండి కొని ఆయిల్ దగ్గర, టైర్ల దగ్గర చవక రకం వెతికేవాళ్లను చూస్తే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే ఉంటుంది.

రిపేరు ఎక్కడ చేయించాలన్నదీ ముందే తేల్చుకోవాలి. షోరూమ్‌లో పని నికార్సుగా ఉంటుంది గానీ వాళ్లు విడి సీలు మార్చే చోట మొత్తం అసెంబ్లీ రాస్తారు, పాత బండికి అది గిట్టుబాటు కాదు. హైదరాబాద్‌లో జర్మన్ కార్లు మాత్రమే చూసే విడి వర్క్‌షాపులు ఇప్పుడు బాగానే ఉన్నాయి, మాదాపూర్ వైపూ కూకట్‌పల్లి వైపూ అడిగితే చెప్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ కళ్లు మూసుకుని విప్పగల చేతులున్నాయి, కానీ ఈ బండికి చేతితో పాటు వీసీడీఎస్ లాంటి స్కానర్, దాన్ని చదవగల మనిషి కావాలి. సెకండ్ హ్యాండ్ పార్టులు ఢిల్లీ మాయాపురి నుంచి, ముంబై కుర్లా నుంచి ట్రాన్స్‌పోర్టులో వస్తాయి. డోరు, సీటు, లైటు అయితే నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. సస్పెన్షన్ బుడ్డలు, ఇంజెక్టర్లు పాతవి తెప్పించడం శుద్ధ దండగ, అవి కూడా ఇదే వయసువి కదా.

ఢిల్లీ బండ్లు ఎందుకింత చవకంటే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆ గడువు దగ్గర పడగానే బండ్లు దక్షిణానికి దిగుతాయి. 2025లో కోర్టులో ఈ విషయం మళ్లీ కదిలింది గానీ ఆ పాటికే దిగినవి చాలా ఉన్నాయి. బండి ఢిల్లీది అయినంత మాత్రాన చెడ్డది కాదు, అక్కడి రోడ్లు నయం, చాలావాటికి షోరూమ్ ట్రాక్ కూడా ఉంటుంది. చూడాల్సింది కాగితాలు. ఎన్‌ఓసీ మీ జిల్లా ఆర్టీవో పేరు మీదే వచ్చిందా, బ్యాంకు లోను తీరినట్టు ఆర్‌సీలో ఎక్కిందా, అక్కడి చలాన్లు కట్టారా. ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్‌కు లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గుతుంది గానీ దాని అసలు ధర మీద లెక్క కాబట్టి చిన్న మొత్తమేం కాదు. "ట్యాక్స్ మేం చూసుకుంటాం సార్" అని నోటిమాటగా చెప్తే కాదు, అగ్రిమెంటులో రాయించండి. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ రెన్యూవల్ ఫీజు 5,000, దాని మీద గ్రీన్ ట్యాక్స్. 2010, 2011 బండ్లకు ఆ గడువు ఇప్పుడే వస్తోంది, బేరంలో ఈ మాట ఎత్తండి.

అమెరికాలో ఉన్న మా కజిన్ ఒకడు కూడా అడిగాడు. అక్కడి లెక్క వేరు. 3.0 టీడీఐ మీద ఉద్గారాల కేసు నడిచాక 2017 నాటి సెటిల్‌మెంట్‌లో 2009-2012 డీజిల్ క్యూ7లను కంపెనీ తిరిగి కొంది, కాబట్టి అక్కడ ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పెట్రోలువి. ఇక్కడ రాసిన ఇంజిన్ సంగతులు వాటికి వర్తించవు, సస్పెన్షన్, నీళ్ల సంగతులు వర్తిస్తాయి.

నాకు చాయిస్ ఇస్తే తీసుకునేది 2012 నుంచి 2014 మధ్య 3.0, ఎనిమిది గేర్లది, ఒకరిద్దరు ఓనర్లు, 18 అంగుళాల చక్రాలు, బిల్లుల ఫైలు చేతిలో పెట్టేది. దానికి లక్షన్నర ఎక్కువ అడిగినా ఇస్తాను. 4.2 లీటర్ల వీ8 డీజిల్ 760 ఎన్ఎంతో నేల చీల్చుకుపోతుంది, ఎవరిదైనా ఉంటే పక్కన కూర్చుని ఒక రౌండు వేసి దిగిపోండి. 2009కి ముందువి ఉచితంగా ఇస్తానన్నా ఆలోచించాలి. అదే వయసు బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్ నడపడానికి దీనికన్నా హుషారుగా ఉంటుంది, తర్వాతి వాటిలో చైను దానికీ వెనకాలే, కాబట్టి దాంట్లో ఏదో పెద్ద ఆదా ఉందనుకోవద్దు. ఫార్చ్యూనర్ సంగతి అందరూ అంటారు, నిజమే, అదే వయసు ఫార్చ్యూనర్ ఇంచుమించు ఇదే ధరకు అమ్ముడవుతుంది, రేపు మీరు అమ్మినా పెద్దగా పోదు. క్యూ7 రేపు అమ్మితే ఎంతొస్తుందో అడక్కండి, కొన్నవాళ్లు దాన్ని తిరిగి రాని డబ్బుగానే లెక్కేసుకోవాలి. కానీ ఫార్చ్యూనర్‌లో శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగాక ఇంట్లో పెద్దవాళ్ల నడుములు అడగండి, క్యూ7లో వెళ్లొచ్చాక కూడా అడగండి.

బండి చూడ్డానికి వెళ్లే రోజు చల్లటి ఇంజిన్ స్టార్ట్, సస్పెన్షన్ పూర్తిగా పైకీ కిందికీ, అన్ని అద్దాలు, అన్ని డోర్లు, డిక్కీ మోటారు, ఏసీ వెనక వరుస దాకా. తర్వాత మీ మనిషితో, అమ్మేవాడి మనిషితో కాదు, పూర్తి స్కాన్ కొట్టించండి. మీటరు వెనక్కి తిప్పినా వేరే మాడ్యూళ్లలో పాత కిలోమీటర్లు దొరికిపోతుంటాయి, స్కాన్ చేసే కుర్రాడికి అది వెతకమని విడిగా చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌కు ఐదారు వేలు అవుతుంది. అమ్మేవాడు "నిన్ననే చేయించాం సార్, అన్నీ ఓకే" అని స్కాన్‌కు ఒప్పుకోకపోతే, అక్కడ టీ తాగి బయల్దేరండి. ఇదే రంగు, ఇదే ఏడాది బండి నాలుగు షాపుల అవతల ఇంకొకటి ఉంటుంది.